సుంకపు ఇంటి గుమ్మం

నాది ఖమ్మం జిల్లా కల్లూరు. ఒక పక్క సాగర్ ఎడమ కాలువ నీళ్లు పారే వరి పొలాలు, ఇంకో పక్క సత్తుపల్లి దాటితే మొదలయ్యే అడవి. సముద్రం చూడాలంటే నూటయాభై కిలోమీటర్లు పైమాటే. అలాంటి ఊరివాణ్ణి రేవుల గురించి మాట్లాడతానంటే నవ్వుకుంటారేమో. కానీ ఒక్క మాట. ఖమ్మం నుంచి బెజవాడ పోయే ప్యాసింజరు బండి ఎక్కిన వాళ్లకు చింతకాని దాటాక నాగులవంచ అని ఒక స్టేషను తగులుతుంది. ఎక్స్‌ప్రెస్‌లు అక్కడ ఆగవు. కిటికీలోంచి చూస్తే పత్తి చేలు, నాలుగు వేపచెట్లు. ఆ నాగులవంచలో 1660ల చివర హాలెండు దేశపు వర్తకులు కొఠీ పెట్టుకుని కూర్చున్నారు. నీలిమందు కొన్నారు, బట్టలు కొన్నారు, బండ్లకెత్తించి బందరు పంపారు. అంటే సముద్రం మా దగ్గరికి రాకపోయినా సముద్రపు వ్యాపారం మా జిల్లా నడిమధ్యకు వచ్చి దాదాపు ఇరవై ఏళ్లు కాపురం చేసింది.

ఆ మధ్య చైనా దేశపు ఒప్పందపు రేవుల గురించి చదువుతుంటే ఈ నాగులవంచ గుర్తుకొచ్చింది. 1842లో నల్లమందు యుద్ధంలో ఓడిపోయి, చైనా చక్రవర్తి ఇంగ్లీషువాళ్లతో నాన్‌కింగ్ దగ్గర సంధి చేసుకున్నాడు. కాంటన్, అమోయ్, ఫూచౌ, నింగ్పో, షాంఘై అని అయిదు రేవులు తెరవాల్సి వచ్చింది. ఆ రేవుల్లో విదేశీయుల పేట వేరు, ఊరు వేరు. ప్రతి దేశానికీ ఒక కాన్సలు, ఆ కాన్సలుకే ఒక కచేరీ, ఒక జెండా. షాంఘైలో నది గట్టు వెంట బ్యాంకులు, గోదాములు వరసగా లేచాయి. ఆ గట్టును ఇప్పటికీ బండ్ అనే అంటారు. ఆ మాట మన దేశం నుంచి ఓడెక్కి వెళ్లిందే. హైదరాబాదు ట్యాంక్ బండ్‌లో ఉన్నదీ ఆ బండే.

ఇలాంటిది మన తెలుగు నేల మీద ఎక్కడైనా ఉందా అని వెతకక్కర్లేదు. బందరు ఉంది. మచిలీపట్నం. కాకపోతే అక్కడ కథ తలకిందుగా మొదలైంది. చైనాలో విదేశీయులు ఫిరంగులతో తలుపు బద్దలుకొట్టి లోపలికొచ్చారు. బందరులో మొదట తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆ తలుపు కథే ఈ పూట చెప్పదలచుకున్నది.

ముందు ఊరు. బందరు అంటేనే పార్శీ భాషలో రేవు. ఊరి పేరే రేవు కాబట్టి అక్కడ రేవెక్కడ అని అడగడం అనవసరం, కానీ అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఓడ ఒడ్డుకు రాదు. తీరం పొడుగునా లోతు లేదు. కృష్ణమ్మ ఏటా తెచ్చిపోసే ఒండ్రుతో ఉన్న లోతూ పూడుతుంది. పెద్ద ఓడలు మైళ్ల దూరాన లంగరు వేసుకుని నిలబడితే, ఒడ్డు నుంచి పడవలు వెళ్లి సరుకు దించుకు రావాలి. ఆ పడవలకు మేకులుండవు. పలకకూ పలకకూ కొబ్బరి పీచు తాడుతో కుట్టు వేస్తారు. కెరటం వచ్చి కొట్టినా, ఇసకదిబ్బకు గుద్దుకున్నా, పడవ ఒళ్లు విరుచుకుని మళ్లీ సర్దుకుంటుంది తప్ప పగలదు. మేకులు కొట్టిన పడవ అయితే ఆ తాకిడికి పలకలు విడిపోవాల్సిందే. దొరలు వాటికి ఈ ఊరి పేరే పెట్టి మసూలా పడవలన్నారు. ఎంత పెద్ద కంపెనీ ఓడ అయినా, ఎంత పెద్ద దొర అయినా, చివరి నాలుగు మైళ్లూ మన పల్లెకారుల కుట్టుపడవలోనే రావాలి. ఒళ్లంతా తడిసి రావాలి.

ఒడ్డుకొస్తే బురద. కోట ఒక పక్క, ఊరు ఒక పక్క, మధ్య ఉప్పు పర్ర. పదిహేడో శతాబ్దంలో అక్కడికొచ్చిన యాత్రికులు పర్ర మీద కట్టిన పొడవాటి చెక్కవంతెనను మరచిపోకుండా రాసుకున్నారు. 1618 నుంచి నాలుగేళ్లు అక్కడ ఇంగ్లీషు కంపెనీ పని చూసిన విలియం మెత్‌వోల్డ్ అయితే మొహమాటం లేకుండా రాశాడు. చిన్న ఊరు, జనం మాత్రం కిక్కిరిసి ఉన్నారు, చుట్టూ గోడ లేదు, కట్టిన తీరు బాగాలేదు, కట్టిన చోటు ఇంకా బాగాలేదు, బావి నీళ్లన్నీ ఉప్పు. ఇదీ ఆయన చెప్పిన మాటల సారం. బందరువాళ్లు కోప్పడవద్దు. అంత ఉప్పునీళ్ల ఊరికి ఆయన నాలుగు సముద్రాలు దాటి ఎందుకొచ్చాడో, వచ్చినవాడు నాలుగేళ్లు ఎందుకున్నాడో ఆలోచించండి.

ఊళ్లో నడిస్తే ఇప్పటికీ పేర్లు పలుకుతాయి. ఒకటి ఇంగ్లీషుపాలెం. ఒకటి వలందపాలెం. ఒకటి పరాసుపేట. హాలెండువాళ్లను మన పాతవాళ్లు వలందాలన్నారు, ఫ్రెంచివాళ్లను పరాసులన్నారు, పోర్చుగీసులను బుడతకీచులన్నారు. బుడతకీచు అన్న మాట నోట్లో తిరుగుతుంటే నాకు ఎప్పుడూ నవ్వొస్తుంది. ఎవరి పేట వారిది, ఎవరి కొఠీ వారిది. ఇంగ్లీషులో ఆ కొఠీని ఫ్యాక్టరీ అన్నారు. యంత్రాలు తిరిగే కర్మాగారం కాదది. ఫ్యాక్టర్ అనే వర్తక గుమాస్తా ఉండే ఇల్లు, సరుకు దాచే గోదాము, లెక్కలు రాసుకునే అరుగు, అన్నీ కలిపి ఒక ప్రహరీ. షాంఘైలో విదేశీ పేటలకు వాళ్ల సొంత పోలీసులు, సొంత కోర్టులు ఉండేవి. బందరు పేటలకు మొదటి ఎనభై ఏళ్లూ ఆ దర్జా లేదు. పేట నీది, ఊరు మాది అన్నట్టే నడిపాడు గోల్కొండ సుల్తాను.

ఊరికి పెద్ద హవల్దారు. రేవు చూసేవాడు షాబందరు. సుంకపు ఇంట్లో ఒక్కో మూట విప్పి, లెక్క కట్టి, ముద్ర వేసి గానీ బయటికి వదలరు. బట్టల మీద ముద్ర వేసినందుకు వేరే రుసుము. ఆ పైన దలాలీ. ఆ పైన నజరానాలు. హవల్దారు గిరీ కూడా ఊరికే రాదు. ఏటా ఇజారా పాట పాడుకోవాలి. ఇంత సొమ్ము గోల్కొండ ఖజానాకు కడతానని ఒప్పుకున్నవాడికే పదవి. ఒప్పుకున్నంత కట్టగలిగితే మిగిలింది తనది. కట్టలేకపోతే? మెత్‌వోల్డ్ ఒక సంగతి రాశాడు. బాకీ పూర్తిగా చెల్లించలేకపోయిన బందరు హవల్దారు ఒకణ్ణి వీపు మీద, పాదాల మీద, పొట్ట మీద బెత్తాలతో చచ్చిందాకా కొట్టారట.

ఈ సంగతి చదివినప్పుడు మా జిల్లావాళ్లకు ఎవరు గుర్తొస్తారు? నేలకొండపల్లి కంచర్ల గోపన్న, మన రామదాసు. అదే గోల్కొండ కొలువు, అదే వసూలు పద్ధతి. ఒకరు పాల్వంచ పరగణా శిస్తు చూసిన తహసీల్దారు, ఒకరు బందరు రేవు సుంకం చూసిన హవల్దారు. ఖజానాకు చేరని సొమ్ముకు రామదాసు గోల్కొండ చెరసాలలో దెబ్బలు తిన్నాడని మనం పాడుకుంటాం. బందరు హవల్దారు మీద పాట కట్టినవాళ్లెవరూ లేరు. ఆయన గుడి కట్టించలేదు మరి.

అధికారి మెడ మీద అలాంటి కత్తి వేలాడుతుంటే ఆయన వర్తకుణ్ణి పీడించక ఏం చేస్తాడు? విదేశీ వర్తకులూ తక్కువవాళ్లు కాదు. పీటర్ ఫ్లోరిస్ అని ఒకడు. పుట్టుకకు వలందా, జీతం ఇంగ్లీషు కంపెనీది. 1611లో గ్లోబ్ అనే ఓడ మీద ఇటు వచ్చి, నిజాంపట్నంలోనూ బందరులోనూ ఇంగ్లీషువాళ్ల వర్తకానికి మొదటి పునాది వేసినవాళ్లలో ఆయనొకడు. సయాం దాకా వెళ్లి వ్యాపారం చేసుకుని మళ్లీ బందరు వచ్చాడు. 1614 ఆఖర్లో తిరిగి వెళ్లిపోవాల్సిన సమయం దగ్గరపడింది. రేవు అధికారి దగ్గర రావాల్సిన బాకీ మాత్రం రాదు. రేపు, మాపు. గాలి తిరిగిపోతే ఓడ కదలదు, ఏడాది ఆగాలి. అడిగి అడిగి విసిగిపోయిన ఫ్లోరిస్, ఆ అధికారి కొడుకు సుంకపు ఇంట్లో ఉన్న సమయం చూసి మనుషులతో పట్టించి, పడవెక్కించి, ఓడ మీదికి చేర్చాడు. పట్టపగలు. ఆ పిల్లవాడు ఆచారవంతుల ఇంటివాడు. ఓడ మీద అన్నం ముట్టనన్నాడు, నీళ్లు తాగనన్నాడు. ఫ్లోరిస్‌కు భయం పట్టుకుంది. బాకీ రాకపోగా ప్రాణం మీదికి తెచ్చేలా ఉన్నాడు. బదులుగా ఇంకెవరినైనా పంపండి, ఇతన్ని వదిలేస్తానన్నాడు. ఎవరూ రారు. చివరికి డబ్బు వచ్చింది, పిల్లవాడు ఇంటికి చేరాడు, ఓడ కదిలింది.

నాకు ఈ కథలో ఫ్లోరిస్ తెగువ కన్నా ఆ సుంకపు ఇల్లే ముఖ్యం అనిపిస్తుంది. గొడవ జరిగిన చోటు చూడండి. కోట కాదు, యుద్ధభూమి కాదు. మూటలు విప్పి లెక్క కట్టే గుమ్మం.

ఆ గుమ్మం దాటడానికి వాళ్లకు కావాల్సింది ఫర్మానా. అంటే సుల్తాను ముద్ర పడ్డ ఆజ్ఞాపత్రం. వలందావాళ్లు 1606లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా దగ్గర తెచ్చుకున్నారు. నూటికి 4 వంతులు సుంకం కడితే చాలు అని దాని సారాంశం. హైదరాబాదు నగరం కట్టించిన రాజు ఆయనే. ఇంగ్లీషువాళ్లు మధ్యలో ఇక్కడి అధికారులతో పడలేక బందరు వదిలి నెల్లూరు తీరాన దుగరాజపట్నం పోయారు, మళ్లీ వచ్చారు. 1632లో అబ్దుల్లా కుతుబ్‌షా వాళ్లకు ఇచ్చిన పత్రాన్ని వాళ్ల చరిత్రకారులు బంగారు ఫర్మానా అని మురిసిపోతూ రాశారు. ఏడాదికి 500 వరహాలు కట్టండి, గోల్కొండ రేవుల్లో సుంకం బెడద లేకుండా వ్యాపారం చేసుకోండి. 500 వరహాలకు మురిసిపోవడం చూస్తే అంతకుముందు ఎంత కడుతున్నారో తెలుస్తుంది. పరాసులు అందరికన్నా ఆలస్యం. 1669లో ఇస్ఫహాను నుంచి వచ్చిన మర్కారా అనే ఆర్మీనియను వాళ్ల తరఫున గోల్కొండ తిరిగి ఫర్మానా సంపాదించి పెట్టాడు.

వీళ్లే బందరును పోషించారనుకుంటే పొరపాటు. రేవులో పెద్ద చెయ్యి ఇరానీ వర్తకులది. బర్మా వైపు పెగూకు, సుమత్రా దీవి ఆచేకు, పర్షియాకు, మక్కా దారిలో ఉన్న రేవులకు బందరు ఓడలు పోయేవి. తర్వాత ఔరంగజేబు సేనానిగా పేరు మోసిన మీర్ జుమ్లా అర్దిస్తాన్ నుంచి వచ్చిన వర్తకుడు. బందరులో హవల్దారు గిరీ వెలగబెట్టాడు, సొంత ఓడలు నడిపాడు. సుంకం వసూలు చేసేవాడే సరుకు కొని అమ్మితే పోటీదారుడి గతి ఏమవుతుందో చెప్పక్కర్లేదు. సుల్తానులకు కూడా ఈ ఊరి మీద కన్నుండేది. 1639లో అబ్దుల్లా స్వయంగా వచ్చి చూసి వెళ్లాడు. ఆయన తర్వాతి సుల్తాను తానీషా ఇటు వచ్చినప్పుడే దారిలో భాగవతుల ఆట చూసి మెచ్చి కూచిపూడి అగ్రహారం రాసిచ్చాడని అంటారు.

ఇంతకూ ఏం కొన్నారు ఇక్కడ? ప్రధానంగా బట్ట. సాదా బట్ట, అద్దకపు బట్ట. నరసాపురం పక్కన మాధవాయపాలెంలో ఇంగ్లీషువాళ్ల కొఠీ ఉండేది. ఆ ఊరి పేరు వాళ్ల నోట్లో మదపోలం అయి, ఒక రకం తెల్లబట్టకు ప్రపంచమంతటా పేరయి కూర్చుంది. ఇక అద్దకం. రెండేళ్ల కిందట బందరు వెళ్లినప్పుడు పక్కనే పెడన పోయి ఒక కలంకారీ షెడ్డులో ఒక పూట కూర్చున్నాను. ముందు తెల్లబట్టను కరక్కాయ పొడి కలిపిన పాలల్లో ముంచుతారు. ఎండాక బట్ట లేత పసుపుకు తిరుగుతుంది. నలుపుకు తుప్పు ఇనుము, బెల్లం కలిపి కుండలో పులియబెట్టిన నీళ్లు. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లతో అచ్చు వేస్తారు. టేకు దిమ్మ మీద చెక్కిన అచ్చును గుడ్డమెత్త మీద ఒత్తి, బట్ట మీద పెట్టి, పిడికిలితో ఒక్క గుద్దు. మళ్లీ పక్కన. మళ్లీ గుద్దు. వంకర పోదు. అప్పటికి ఎరుపు కనిపించదు. రంగు కాగులో ఉడికినప్పుడు, పటిక పడ్డ చోటే ఎరుపు పట్టుకుంటుంది, మిగతా చోట జారిపోతుంది. పూర్వం ఆ ఎరుపు చిరువేరు నుంచి వచ్చేది. కృష్ణ దిగువ ఇసక నేలల్లో లోతుకు దిగే సన్నటి వేరు. ఉప్పునీళ్లని దొర తిట్టుకున్న నేల పక్కనే పెరిగిన ఆ వేరు కోసమే ఆ దొరల ఓడలు వచ్చాయి. అచ్చు కొడుతున్నాయన నా కల్లూరు సంగతి విని, టేకు మీ వైపు నుంచే రావాలండీ అన్నాడు. ఆ మాటకు నేను కొంచెం పొంగిన మాట నిజం.

నీలం మాత్రం మెట్ట పంట. నాగులవంచ కొఠీ అందుకే. మా వైపు పల్లెల్లో నీలిమందు ముద్దలు చేసి బండ్ల మీద దక్షిణంగా పంపితే, అటునుంచి ఉప్పు వచ్చేది. సముద్రపు ఉప్పును ఎడ్ల వీపు మీద వేసుకుని లోపలి ఊళ్లకు తెచ్చినవాళ్లు లంబాడీలు. వందల ఎడ్లు ఒక్కసారిగా కదిలేవి. మా కల్లూరు, సత్తుపల్లి, ఏన్కూరు చుట్టుపక్కల ఉన్న తండాల్లో ఎవరి తాతముత్తాతలు ఏ దారిన ఉప్పు మోశారో రాసి పెట్టినవాళ్లు లేరు. వలందా గుమాస్తా నీలిమందు లెక్క మాత్రం రాసి పెట్టుకున్నాడు. దాంతో చరిత్రలో ఆయనదే పెద్ద గొంతయింది.

ఆ పాత రాతల్లోనే ఇంకో పేరుంది, దాన్ని చూసి మావాళ్లు కొందరు తికమక పడతారు. విదేశీ యాత్రికులు వజ్రాల గనులని రాసింది మా కల్లూరు కాదు, కృష్ణ ఒడ్డు కొల్లూరు. గుంటూరు వైపుది. టావెర్నియే అనే ఫ్రెంచి యాత్రికుడు అక్కడ సుమారు 60,000 మంది పని చేస్తుంటే చూశానన్నాడు. ఇప్పుడది పులిచింతల నీళ్లలో ఉంది. మాకు వజ్రాలు లేవు, మామిడితోటలున్నాయి.

1680ల నాటికి గోల్కొండ బలం తగ్గింది. బాకీల తగువులో 1686లో వలందావాళ్లు బందరునే పట్టుకు కూర్చున్నారు. మరుసటేడు ఔరంగజేబు గోల్కొండను గెలిచాడు. ఆ కల్లోలంలోనే నాగులవంచ కొఠీ మూతపడింది. ఆ తర్వాత డెబ్బై ఏళ్ల కథ త్వరగా చెప్పుకోవచ్చు. నిజాములు వచ్చారు. వాళ్ల వారసత్వ తగాదాల్లో పరాసులు తల దూర్చి 1750లో బందరు సంపాదించారు, ఆపైన వాళ్ల సేనాని బుస్సీ తీరం వెంట ఉన్న ఉత్తర సర్కార్లు కూడా చేజిక్కించుకున్నాడు. వాళ్ల వెనక ఇంగ్లీషువాళ్లు తగులుకున్నారు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర పరాసులను గెలిచిన కల్నల్ ఫోర్డ్ బందరు దాకా వచ్చి కోట ముందు దిగాడు. 1759 ఏప్రిల్ 7 రాత్రి, ఎవరూ నడవలేరనుకున్న బురద పర్రలోంచి కూడా ఒక దండును నడిపించి కోట పట్టాడు. మెత్‌వోల్డ్ వంకలు పెట్టిన ఆ బురదే కోటకు రక్షణ అని పరాసులు నమ్ముకున్నారు పాపం. పరాసులకు సాయంగా సైన్యంతో బయల్దేరిన నిజాం సలాబత్ జంగ్ దారిలోనే ఈ వార్త విని మనసు మార్చుకున్నాడు. మే 14న ఇంగ్లీషువాళ్లతో ఒప్పందం రాసుకుని బందరును, చుట్టుపక్కల పరగణాలను వాళ్లకే ఇనాముగా ఇచ్చేశాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. 1606లో తలుపు సుల్తానుది, గుమ్మంలో నిలబడ్డవాడు విదేశీయుడు. 1759కి తలుపే చేతులు మారింది. 1802కి వస్తే ఇంకో పత్రం కనిపిస్తుంది. అది చదివితే నాకు మనసు అదోలా అవుతుంది. ఆ ఏడు హైదరాబాదు నిజాం అలీఖాన్‌కూ ఇంగ్లీషు కంపెనీకీ మధ్య వాణిజ్య ఒప్పందం కుదిరింది. అప్పుడు హైదరాబాదులో ఇంగ్లీషు రెసిడెంటు జేమ్స్ కిర్క్‌పాట్రిక్. కోఠీలో రెసిడెన్సీ భవనం కట్టించిన ఆయనే. ఒప్పందంలో ముఖ్యమైన సంగతి, నిజాం ప్రభువుకు మచిలీపట్నం రేవును వాడుకునే హక్కు ఉంటుంది. అక్కడ కొఠీ పెట్టుకోవచ్చు, ఏజెంట్లను ఉంచుకోవచ్చు. సరుకు మీద సుంకం నూటికి 5.

గమనించారా? కొఠీ పెట్టుకోవచ్చు. ఏజెంటును ఉంచుకోవచ్చు. రెండువందల ఏళ్ల కిందట వలందా గుమాస్తా గోల్కొండ దర్బారులో చేతులు కట్టుకుని అడిగిన మాటలు ఇవే. ఇప్పుడవి హైదరాబాదు ప్రభువుకు ఇస్తున్నారు. ఇస్తున్నవాళ్లు, ఒకప్పుడు 500 వరహాలకు మురిసిపోయినవాళ్లు. చైనాలో ఒప్పందపు రేవులు పుట్టడానికి నలభై ఏళ్ల ముందే మనకొక ఒప్పందపు రేవు ఉంది. కాకపోతే ఆ ఒప్పందంతో లోపలికి రావలసినవాడు పరదేశి కాదు, ఒకప్పటి ఇంటాయన వారసుడు.

ఆ నూటికి 5 అన్న లెక్కను కూడా గుర్తుంచుకోండి. చైనా మీద రుద్దిన సుంకం కూడా ఇంచుమించు అంతే, నూటికి 5. అంతకుమించి వేసుకునే అధికారం తన దేశపు రేవుల్లో చైనాకే లేకుండా పోయింది. అంతటితో ఆగలేదు. చైనా ప్రభుత్వపు సుంకాల శాఖకే రాబర్ట్ హార్ట్ అనే ఐర్లండు మనిషి 1863 నుంచి 1911 దాకా అధిపతిగా ఉన్నాడు. జీతం చైనాది, నివాసం పెకింగు, కింద పని చేసే పెద్ద అధికారులంతా విదేశీయులు. హార్ట్ లంచగొండి కాదు, లెక్క పక్కాగా చూపించి చైనా ఖజానా నింపాడని అంటారు. అయినా సుంకపు ఇంటి గుమ్మంలో కూర్చున్నవాడు ఊరివాడు కాదు. బందరు హవల్దారు దుర్మార్గుడే అనుకుందాం. మన దుర్మార్గుడు. ఆ తేడా చిన్నది కాదని నా అభిప్రాయం. మీరు ఒప్పుకోకపోవచ్చు.

మా అడవి అంచు కూడా ఇలాంటి ఒక పత్రంతోనే చేతులు మారింది. సర్ ఆర్థర్ కాటన్‌కు గోదావరి మీద పెద్ద ఆశ. ధవళేశ్వరం ఆనకట్టతో ఆగలేదు. నాగపూరు వైపు పత్తిని పడవల మీద గోదావరి వెంట దింపి సముద్రానికి, కోరంగి, కాకినాడ రేవులకు చేర్చాలనుకున్నాడు. దారికి అడ్డంగా రాళ్ల వరసలు. భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం దగ్గర ఒకటి. అక్కడ ఆనకట్ట, పడవల కాలువ, తలుపులు కట్టడం మొదలుపెట్టారు. పని చూసినవాడు హేగ్ అనే ఇంజనీరు. నది ఒడ్డు నిజాంది, పడవ ఇంగ్లీషుది అయితే ఎలా? 1860 ఒప్పందంలో నిజాం గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలను ఇంగ్లీషువాళ్లకు వదిలేశాడు. నది మీద పోయే సరుకుకు సుంకం లేకుండా చేశాడు. భద్రాచలం అట్లా సెంట్రల్ ప్రావిన్సుల్లో చేరి, 1874లో గోదావరి జిల్లాలో కలిసి, 1959లో ఖమ్మం జిల్లాకు వచ్చింది. పడవల పథకం మాత్రం 1871లోనే ఆగిపోయింది. రైళ్లు వచ్చేశాయి. దుమ్ముగూడెంలో ఆ పాత కట్టడాలు ఇప్పటికీ ఉన్నాయి. రామయ్య దర్శనానికి వెళ్లినవాళ్లు పర్ణశాల దారిలో ఒక అరగంట ఆగి చూడవచ్చు.

బందరు గతి అంతకుముందే తేలిపోయింది. పెద్ద వ్యాపారం మద్రాసు, కలకత్తా మళ్లింది. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెన సుమారు 30,000 మందిని మింగింది. కెరటం ఊరి మీదుగా మైళ్ల దూరం లోపలికి పోయిందట. ఆ ఉప్పెన తర్వాత ఓడ వర్తకంలో బందరు పాత స్థితికి రాలేదు. కాకినాడ ఎదిగింది.

నేను వెళ్లినప్పుడు డచ్చివాళ్ల సమాధులు చూశాను. పురావస్తు శాఖ బోర్డు, ఇనుప గేటు, లోపల నల్లరాతి పలకలు. వాటి మీద డాలు, శిరస్త్రాణం, వంశచిహ్నాలు, లోతుగా చెక్కిన అక్షరాలు. ఒక పలక మీద మేక పడుకుని నెమరేస్తోంది. ఎంత డబ్బు ఖర్చు పెట్టి చెక్కించుకున్నారో, చెక్కిన చెయ్యి ఎవరిదో. రాయి ఇప్పటికీ నునుపుగా ఉంది. వలందపాలెంలో ఒక పెద్దాయనను ఈ పేరు ఎలా వచ్చిందండీ అని అడిగితే, మా చిన్నప్పటి నుంచీ ఇదే పేరండీ అన్నాడు. అక్కణ్ణించి కదిలి ఇంత లడ్డూ కొనుక్కుని బస్సెక్కాను.

బందరు పక్కన మంగినపూడి దగ్గర ఇప్పుడు కొత్త రేవు కడుతున్నారు. ఓడ ఒడ్డుదాకా రావాలని సముద్రాన్ని తవ్వుతున్నారు. ఇటు చూస్తే తెలంగాణకు మళ్లీ సముద్రం లేదు. చివరి నిజాం 1947 రోజుల్లో ఒక రేవు కోసం పోర్చుగీసుల గోవా మీద కూడా కన్నేశాడు, అది కుదరలేదు. ఇప్పుడు మన రాష్ట్ర ప్రభుత్వం హైదరాబాదు పక్కన తలపెట్టిన ఫ్యూచర్ సిటీ నుంచి బందరు రేవుకు కొత్త రహదారి, రైలు మార్గం కావాలని కేంద్రాన్ని అడుగుతోంది. వాటితోపాటు ఒక డ్రై పోర్టు కూడా. డ్రై పోర్టు అంటే నీళ్లు లేని రేవు. సరుకు పెట్టె అక్కడే విప్పి చూస్తారు, అక్కడే లెక్క కట్టి ముద్ర వేస్తారు, ముద్ర వేసిన పెట్టె నేరుగా ఓడెక్కుతుంది. అంటే రేవు బందరులోనే ఉంటుంది, సుంకపు ఇల్లు మాత్రం మెట్ట మీదికి వస్తుంది. ఆ రోడ్డు మా జిల్లా పక్కనుంచి పోతుందా, ఎంత దూరంనుంచి పోతుందా అని మా ఊరి హోటళ్లలో అప్పుడే పందేలు నడుస్తున్నాయి.